మెట్ల మీద మంచిపేరు

ఆ భవనంలో ఆమెను అందరూ ‘అందరక్క’ అనే పిలిచేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పై అంతస్తులో చంటిదానికి ఒళ్ళు వెచ్చబడితే ఆమెకే కబురు. ఎవరింట్లోనో అత్తాకోడళ్ళు పంతానికి పోయి మాటలు మానేస్తే, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ కుదిర్చేదీ ఆమే. ఊరెళ్ళేవాళ్ళ తాళంచెవులన్నీ ఆమె ఇంటి మేకుకే వేలాడేవి. “అందరికీ అక్క, నాకు మాత్రం పక్కింటావిడ” అని ఆమె భర్త నవ్వేవాడు. మొదట్లో నవ్వుతూనే అనేవాడు.

ఆమె పనిచేసేది ఆస్పత్రిలో. మందుల దగ్గరా కాదు, రోగుల దగ్గరా కాదు. నేల అడుగున ఉన్న గదిలో, బట్టలుతికే యంత్రాల పక్కన, ఒక కుట్టుమిషన్ ముందు. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు మూటలు మూటలుగా అక్కడికి వచ్చి పడేవి. వాటికి మాసికలు వేసి, ఊడిన నాడాలు కుట్టి, మడతపెట్టి పైకి పంపడం ఆమె పని. గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ కప్పుకు ఆనుకుని ఉండేది. అందులోంచి బయట నడిచేవాళ్ళ చెప్పులు తప్ప మరేమీ కనిపించవు. ఆమె కుట్టిన దుప్పటి మీద ఎందరో పడుకుని లేచి ఇళ్ళకు వెళ్ళి ఉంటారు. కొందరు లేవకుండానే పోయి ఉంటారు. దాన్ని ఎవరు కుట్టారని వాళ్ళలో ఒక్కరైనా అడిగి ఉంటారా? ఎందుకడుగుతారు! దుప్పటి చిరిగితే చూస్తారు గానీ, చిరగని దుప్పటిని ఎవరు చూస్తారు?

అందుకేనేమో, సాయంత్రం ఈసురోమంటూ ఇంటికి వచ్చి మెట్లెక్కుతున్నప్పుడు ఎవరో ఒకరు తలుపు తీసి “అక్కా, నువ్వు చెప్పినట్టే చేశానక్కా, పిల్ల హాయిగా నిద్రపోయింది” అంటే చాలు, ఆమెకు సగం అలసట తీరిపోయేది. తన ఇంటి తలుపు తీసేసరికి ఆ తీరిన సగం మళ్ళీ వచ్చి మీద కూర్చునేది. భర్త బస్సు డ్రైవరు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోతే, ఈమధ్యే డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చి రేడియో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఇంటికొచ్చాక ఆ పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీగలు దిగేవి కావు.

కింది అంతస్తులో టీచరమ్మ ఒక్కతే ఉండేది. బతుకంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ముక్కుసూటి మనిషి కావడంతో భవనంలో ఎవరితోనూ పెద్ద పొత్తు లేదు. మెట్ల మీద చెప్పులు వదిలినా కస్సుమనేది, మధ్యాహ్నం పూట మేకు కొట్టినా కస్సుమనేది. ఒకరోజు పొద్దున పనికి పోతూ, ఆమె గుమ్మంలో పాలప్యాకెట్ అలాగే ఉండటం అందరక్క చూసింది. టీచరమ్మ పాలు గుమ్మంలో ఉంచే మనిషి కాదు. తలుపు కొట్టింది, పిలిచింది. లోపల ఏదో గీరుకున్న చప్పుడు. నలుగురూ కలిసి తలుపు తోసి చూస్తే, వంటగదిలో నేల మీద పడి ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ ఆమె మాట వినడం మానేశాయి. పైగా ఆవిడది ఎడమచేతి వాటం.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి మాట చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. కాలు ఈడ్చుకుంటూ మంచం నుంచి కుర్చీ దాకా రావడమే గగనం. దూరాన ఉన్న అన్నకొడుకు ఫోన్‌లో “ఎవరినైనా మనిషిని పెట్టుకో అత్తా” అన్నాడు. పెట్టుకున్న మనిషి టీచరమ్మ నోటికి జడిసి వారం తిరక్కుండానే మానేసింది. ఆ సాయంత్రం మెట్ల మీద నలుగురూ చేరి ఏం చేద్దాం, ఏం చేద్దాం అనుకున్నారు. అనుకుంటూ అనుకుంటూ అందరూ ఒకేవైపు చూశారు.

“నేను చూసుకుంటాన్లే” అంది అందరక్క.

“నువ్వు బంగారం అక్కా” అంది టీచరమ్మ ఎదురింటావిడ. ఆ మాటకు అందరక్క ఒళ్ళంతా తేలికైంది. ఇంట్లో ఒకమాట అడగాలని అప్పుడు తోచనే లేదు.

మర్నాడు పొద్దున్నే వేణ్ణీళ్ళు, తువ్వాలు పట్టుకుని వెళ్తే టీచరమ్మ కళ్ళు చిట్లించి చూసింది.

“ఎవరడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు.”

“మరెందుకొచ్చావు?”

“మీకు చెయ్యి ఆడట్లేదు కదండీ.”

“నాకు ఆడకపోతే నీకేంటి?”

అందరక్క తువ్వాలు తడిపి ముఖం తుడవడం మొదలుపెట్టింది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది గానీ కాదనలేదు.

అక్కడి నుంచి అందరక్క పొద్దులు రెండుగా చీలిపోయాయి. తెల్లవారకముందే లేచి ఇంట్లో వంట ముగించి, కిందికి దిగి టీచరమ్మకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, నైటీ తొడిగి, తినిపించి పనికి పరుగెత్తేది. సాయంత్రం తన ఇంటి తలుపు దాటకుండా ముందు ఆ ఇంట్లోనే దూరేది. పక్కగుడ్డలు మార్చేది, కాళ్ళకు నూనె రాసేది. నడుం ఒకవైపు పట్టేసేది. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. ఒకసారి గలీబు మూడు వైపులా కాక నాలుగు వైపులా కుట్టేసింది. పక్కనున్న ఆవిడ చూసి “దిండుని లోపలికెలా పంపిస్తావు, మంత్రమేసా?” అని పకపకా నవ్వింది. అందరక్కకూ నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఎందుకో కళ్ళనీళ్ళు వచ్చాయి.

టీచరమ్మ థాంక్స్ చెప్పే మనిషి కాదు. పైగా లెక్క ఇచ్చి జవాబు రాబట్టినట్టు రోజూ ఒకటే ప్రశ్న. “నీకేం గిట్టుబాటవుతోంది ఇందులో? పుణ్యమా?”

“అంత దూరం ఆలోచించలేదండీ.”

“ఇంట్లో తోచదా?”

“మా ఆయన, మా అమ్మాయి ఉన్నారు కదండీ.”

“అదే నేనూ అంటున్నా. ఉన్నారు కదా, ఇక్కడేం పని?”

“ఏదో... మనిషికి మనిషి.”

“అది జవాబు కాదు, తప్పించుకోవడం” అనేది టీచరమ్మ. అని నోరు తెరిచేది. అందరక్క చెంచా అందించేది.

ఆస్పత్రివాళ్ళు ఒక పిల్లను పంపారు. వారంలో కొన్నిరోజులు వచ్చి కసరత్తు చేయించి వెళ్ళేది. బక్కపల్చని పిల్ల, గొంతు మాత్రం గంట. మొదటిరోజే అందరక్కను పక్కకు పిలిచింది.

“ఆంటీ, మీరు తినిపించకండి. కారినా, ఒలికినా ఆవిడే, ఆ ఎడమచేత్తోనే తినాలి. గుండీలు కూడా ఆవిడే పెట్టుకోవాలి. ఎంతసేపైనా సరే.”

“అలాగేనమ్మా” అంది అందరక్క.

ఆ పిల్ల గుమ్మం దాటగానే చెంచా మళ్ళీ తన చేతిలోకే తీసుకుంది. పనికి వేళవుతోంది మరి. టీచరమ్మ చేతికిస్తే చెంచా సగం దారిలో వణికి జావ ఒళ్ళో పడుతుంది, మళ్ళీ నైటీ మార్చాలి, మళ్ళీ తుడవాలి. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. పెదాల దగ్గరికి చెంచా తీసుకెళ్ళినప్పుడు, భవనమంతా భయపడే ఆ మనిషి చంటిపిల్లలా నోరు తెరుస్తుంటే, అందరక్క గుండెలో ఏదో మెత్తగా కదిలేది. దాన్ని వదులుకోవాలని ఆమెకు అనిపించలేదు.

కొన్నాళ్ళకు ఆ పిల్ల టీచరమ్మ వేళ్ళు విప్పబోతే అవి విప్పుకోలేదు. పిడికిలి బిగుసుకుపోయింది.

“ఏంటిది? ముందుకన్నా వెనక్కి పోయింది! ఎవరు తినిపిస్తున్నారు మీకు?”

టీచరమ్మ గోడ వైపు చూస్తూ “నేనే తింటున్నా” అంది.

“అబద్ధం చెప్పకండి టీచర్‌గారూ. చెయ్యి అబద్ధం చెప్పదు.”

“చెయ్యి సంగతి చేతినే అడుగు. నన్ను విసిగించకు.”

ఆ పిల్ల అందరక్క వైపు తిరిగి, ఈసారి గొంతు తగ్గించింది. “ఆంటీ, మీది మంచి మనసే. కానీ ఆవిడ పని మీరు చేస్తే ఆ చెయ్యి చచ్చిపోతుంది. చూస్తూ చూస్తూ చంపకండి.”

ఆ పిల్ల వెళ్ళాక అందరక్క ముఖం మాడిపోయింది. “నా మీద చెప్పేయచ్చు కదండీ” అంది.

“నోరు తెరిచింది నేనే కదా. తప్పు ఇద్దరిదీ” అంది టీచరమ్మ. “ఇవాళ్టి నుంచి చెంచా నాకియ్యి.”

ఇచ్చింది. ఆ పూట అందరక్క ఎదురుగా కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెంచా గిన్నెలోంచి లేస్తుంది, వణుకుతుంది, పడుతుంది. మళ్ళీ లేస్తుంది. టీచరమ్మ నుదుటి మీద చెమట. గడ్డం మీదుగా కారిన జావ మెడలోకి దిగుతోంది. తుడుద్దామని చెయ్యి దానంతటదే లేచేది. పట్టి ఆపుకునేది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ఎత్తి కూర్చోబెట్టడం, అవేవీ ఆమెకింత కష్టమనిపించలేదు. పనికి ఆలస్యంగా వెళ్ళి మాట పడింది.

ఇంట్లోనూ మాట పడింది. ఆదివారం మధ్యాహ్నం నూనె సీసా పట్టుకుని కిందికి దిగబోతుంటే కూతురు చెవుల్లోంచి తీగలు పీకేసింది.

“అమ్మా, నాన్న మెట్లెలా ఎక్కుతున్నాడో ఎప్పుడైనా చూశావా?”

“ఎలా ఎక్కుతున్నారు?”

“రెండు చేతులతో ఊచ పట్టుకుని. పైకొచ్చాక తలుపు బయటే కాసేపు నిలబడి ఊపిరి తీసుకుని లోపలికొస్తున్నాడు. మనకి తెలియకూడదని.”

“మరి నాకు చెప్పాలి కదా!”

“నువ్వుంటే కదా చెప్పడానికి.”

“మంచానపడ్డ మనిషిని వదిలేయమంటావా? మీ నాన్నకి మనమున్నాం. ఆవిడకి ఎవరున్నారు?”

“నాన్నకి చేస్తే మెట్ల మీద ఎవరూ మెచ్చుకోరులే అమ్మా.”

అందరక్కకు చిర్రెత్తింది. “అంటే? నేను పేరు కోసం చేస్తున్నానా?”

“నాకేం తెలుసు? నువ్వే చెప్పు” అని ఆ పిల్ల మళ్ళీ తీగలు పెట్టేసుకుంది.

డ్రైవరు రేడియో పక్కన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడో, వింటున్నాడో తెలియలేదు. అందరక్క కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత కిందికే దిగింది. దిగుతున్నంతసేపూ కూతుర్ని మనసులో తిడుతూనే ఉంది. అంత గట్టిగా ఎందుకు తిడుతోందో ఆమెకే అర్థం కాలేదు.

టీచరమ్మ పట్టు పట్టిందంటే పట్టిందే. జావ ఒలకడం తగ్గింది. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి వంటగదికి కర్ర ఊతంతో రావడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం అందరక్క వెళ్ళేసరికి బల్ల మీద రెండు కప్పులు. ఒకటి నిండుగా, ఒకటి సగం. బల్లంతా తడి.

“టీ. నేనే పెట్టా” అంది టీచరమ్మ. పక్కకు లాగిన ఆ నోటి మీద మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. “పంచదార ఎక్కువైంది. తాగు.”

“అబ్బో! ఎంత బావుందో!” అంది అందరక్క. అంటూనే గుడ్డ అందుకుని బల్ల మీది తడి తుడిచేసింది. పాకం లాంటి ఆ టీని సగం కప్పులోనే వదిలేసింది. ఆ వారమంతా మెట్ల మీద టీచరమ్మ మాటే. “ఎంత పట్టుదల మనిషమ్మా! ఇంకొకరైతే మంచానికి అతుక్కుపోయేవారు” అంది ఎదురింటావిడ. అందరక్క కూడా అవునవునంది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే అవి మామూలుకన్నా గట్టిగా మోగాయి.

తర్వాత ఒక సెలవురోజు సాయంత్రం ఎదురింటావిడ మెట్ల కింద నిలబడి పెట్టిన కేక భవనమంతా వినిపించింది. “అందరక్కా! తొందరగా రా! టీచరమ్మ స్నానాలగదిలో పడిపోయింది!”

అందరక్క చేతిలో ఉన్న చీపురు అక్కడే వదిలేసింది. చెప్పులు వేసుకోకుండానే రెండేసి మెట్లు దిగింది. ఆ దిగడంలో, సగం మెట్ల మీద, ఆమెకు తన లోపల ఉన్నది తెలిసొచ్చింది. భయం ఉంది. జాలీ ఉంది. వాటికి ముందు, వాటికన్నా తొందరగా పైకి ఎగిరినది మాత్రం సంతోషం. ‘మళ్ళీ నేను కావాలి’ అన్న సంతోషం. ఎవరో చెంప మీద కొట్టినట్టు ఒక్క క్షణం ఊచ పట్టుకుని ఆగిపోయింది. పైనుంచి ఎవరో “ఏమైందక్కా, వెళ్ళు వెళ్ళు” అన్నారు. వెళ్ళింది.

టీచరమ్మ తడినేల మీద పక్కకు వాలి ఉంది. ఎముక విరగలేదు. భుజం గీరుకుంది, అంతే. అందరక్క కుర్చీ తెప్పించి, బాగున్న చెయ్యి దాని మీద వేయించి, తన మోకాలు ఊతమిచ్చి నెమ్మదిగా లేపింది. తడిబట్టలు మార్చింది. ఎదురింటావిడ “నువ్వు లేకపోతే ఏమైపోయేదో” అంటూ ఉంటే వినపడనట్టు ఆమెను పంపించి తలుపు వేసింది. వేసి మంచం చివర కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి.

“పడింది నేను, వణికేది నువ్వా?” అంది టీచరమ్మ.

“టీచరుగారూ, నేను మంచిదాన్ని కాదండీ.”

“ఏమైందిప్పుడు?”

“మీరు పడిపోయారని పిలిస్తే... నాకు సంతోషం వేసింది. ముందు సంతోషమే వేసింది. ఎలాంటి మనిషిని నేను!”

టీచరమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది. “తెలుసు” అంది. “నీ మొహం చూశాగా. పెళ్ళికి పిలిచినట్టు వచ్చావు.”

అందరక్క తలెత్తలేకపోయింది.

“నేను బడిలో ఉన్నప్పుడు,” అంది టీచరమ్మ, మాట మాటకీ ఆగుతూ, “ఒక పిల్ల ఉండేది. కూడికలు కూడా వచ్చేవి కావు. సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పేదాన్ని. ఎంత చెప్పినా ఎక్కేది కాదు. మధ్యలో కొత్త మాస్టారొకాయన వచ్చాడు. ఆయన చెప్తే ఎక్కేసింది. గంతులేసుకుంటూ వచ్చి నాకు చూపించింది, టీచర్, వచ్చేసింది అని. నేనా పిల్లతో చాలారోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. ఆ పిల్లకి రావాలనే కదా నా తాపత్రయం? వచ్చిందిగా మరి!”

“అయితే మనం చేసేదంతా మన కోసమేనంటారా?”

“ఏమో. రోజూ నిన్నడిగింది ఎందుకనుకున్నావు? నాకు తెలిసుంటే అడిగేదాన్నా?” టీచరమ్మ అలసిపోయి దిండు మీద తల వాల్చింది. “నువ్వు సంతోషంగా లేపావో, ఏడుస్తూ లేపావో నా నడుముకేం తెలుసు? అదైతే లేచింది. కానీ ఒకమాట. రేపట్నుంచి పొద్దునపూట రాకు.”

“కోపమొచ్చిందాండీ?”

“కోపం కాదు. నీకు చెయ్యాలనుంటుంది, నాకు చేయించుకోవాలనుంటుంది. నిజం చెప్తున్నా, నాకూ హాయిగానే ఉంటుంది. ఇద్దరం కలిసి ఈ చేతిని పూర్తిగా చంపేస్తాం. రాకు. పడితే పిలుస్తా.”

ఆ పొద్దులు అందరక్కకు గడిచేవి కావు. అలవాటుగా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. కింది నుంచి చప్పుళ్ళు వినిపించేవి. కర్ర నేలకు తగిలిన చప్పుడు, గిన్నె దొర్లిన చప్పుడు. ఒకరోజు ఏదో భళ్ళున పగిలింది. ఆమె పరుగున సగం మెట్లు దిగింది. పిలుపు రాలేదు. చెవులు రిక్కించి నిలబడింది. లోపల చీపురుతో గాజుముక్కలు ఊడుస్తున్న చప్పుడు, ఒక తోపుకీ ఇంకో తోపుకీ మధ్య చాలా ఎడంతో. అది ఆగేదాకా ఊచ పట్టుకుని అక్కడే నిలబడి, తిరిగి పైకొచ్చేసింది. ఆ నిలబడటం ఎవరూ చూడలేదు.

చూసినవాళ్ళు చూసింది వేరే. అందరక్క పొద్దున్నే టీచరమ్మ తలుపు ముందు నుంచి ఆగకుండా పనికి పోవడం చూశారు. మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. “ఎన్నాళ్ళు చేస్తుందిలే, తన వాళ్ళా ఏమన్నానా” అని ఒకరు. “ఇద్దరికీ చెడిందట” అని ఇంకొకరు. ఎదురింటావిడ ఒకరోజు మొహం మీదే అడిగేసింది. “ఏమక్కా, పాపం ముసలావిణ్ణి వదిలేశావట?”

“వదలడం కాదమ్మా, ఆవిడే వద్దన్నారు. తన పని తను చేసుకుంటేనే చెయ్యి వస్తుందని...”

“అలాగా” అంది ఆవిడ. ఆ ‘అలాగా’లో నమ్మకం ఆవగింజంత కూడా లేదు. ఇంకా ఏదో చెప్పబోయి అందరక్క ఆపేసింది. ఎంత చెప్తే అంత సంజాయిషీలా ఉంటుంది. ఏళ్ళ తరబడి మెట్టు మెట్టుకీ కూడబెట్టుకున్న మంచిపేరు, ఏమీ చేయకుండా కూర్చోవడం నేర్చుకున్న నెలలోనే కరిగిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు టీచరమ్మ కోసం కాదని కూడా ఆమెకు తెలుసు.

ఇంట్లో డ్రైవరు మోకాలిని ఆస్పత్రిలో చూపించింది. మందులు రాసి, వేడినీళ్ళ కాపడం పెట్టమన్నారు. రోజూ సాయంత్రం నేల మీద కూర్చుని కాపడం పెట్టేది. టీచరమ్మకు చేసేటప్పుడు ఉన్న ఉత్సాహం ఇక్కడ లేదు. విసుగ్గా ఉండేది. ఆయన ఏమన్నా ఊరుకునే మనిషా? “కాలిపోతోంది” అనేవాడు. తీస్తే “చల్లారిపోయింది” అనేవాడు.

“ఏంటి, టీచరమ్మతో పడక నా మీద పడ్డావా?” అన్నాడు మొదటిరోజు.

“నోరు మూసుకుని కాలు చాపండి.”

చాపాడు. రేడియోలో ఏదో పాత నాటకం వస్తోంది. ఆమెకు నిద్ర ముంచుకొస్తోంది. ఇందులో ఆమెకు పేరూ రాదు, పొగడ్తా రాదు, గుండెలో మెత్తగా కదిలేదీ ఏమీ లేదు. కాపడం గుడ్డ నీళ్ళలో ముంచడం, పిండడం, పెట్టడం. కొన్నిరోజులు మానేద్దామనుకుంది కూడా. మానలేదు. ఎందుకు మానలేదో ఆలోచించే ఓపిక లేకపోయింది. చాలారోజులకు ఒకసారి ఆయన కళ్ళు తెరవకుండానే “కొంచెం పైన” అన్నాడు. తర్వాత, “ఆఁ, అక్కడే” అన్నాడు.

టీచరమ్మ చెయ్యి పూర్తిగా రాలేదు. చెంచా పట్టుకుంటుంది, పెద్ద గుండీలు పెట్టుకుంటుంది. కలం మాత్రం పట్టు చిక్కలేదు, ఇక చిక్కదని కసరత్తు పిల్ల కూడా చెప్పేసింది. అందరక్క మొదటినుంచీ తినిపించకుండా ఉంటే చిక్కేదేమో. ఆ మాట ఇద్దరికీ తోచే ఉంటుంది. ఇద్దరూ పైకి అనుకోలేదు.

ఆదివారాలు మాత్రం అందరక్క కిందికి వెళ్ళేది. చెయ్యడానికి ఏ పనీ లేదు. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. బల్ల మీద దుమ్ము తుడవబోతే టీచరమ్మ “కూర్చో” అనేది. ఇద్దరూ ఏవో మాట్లాడుకునేవాళ్ళు. ఒక్కోసారి మాట్లాడుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం అందరక్క ఆ కుర్చీలోనే, మాట మధ్యలో, నిద్రలోకి జారిపోయింది. తల పక్కకు ఒరిగింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. టీచరమ్మ చెప్తున్న మాట ఆపేసింది. రోడ్డు మీంచి ఎండ ఆమె మొహం మీద పడుతుంటే కర్ర పుచ్చుకుని లేచి, కిటికీ తెర లాగింది. అది సగం దాకా వచ్చి ఆగిపోతే, ఇంకోవైపు తిరిగి మళ్ళీ లాగింది.

సాయంత్రానికి డ్రైవరు ఊచ పట్టుకుని దిగి వచ్చి తలుపు తట్టాడు. “మా ఆవిడ ఇక్కడుందాండీ?”

“నెమ్మదిగా మాట్లాడండి. పడుకుంది.”

“లేపమంటారా?”

“ఎందుకు? ఇంట్లో ఏమైనా పనుందా?”

“పనేం లేదండీ. కనిపించకపోతే వచ్చా.”

“అయితే కూర్చోండి.”

మోకాలు చాపుకుని కూర్చున్నాడు. ఆయనకూ టీచరమ్మకూ ఎప్పుడూ మాటల్లేవు, ఇప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. డిపోలో ఏ బస్సులు పాతబడ్డాయో ఆయన గుసగుసగా చెప్పాడు, ఆవిడ వింది. చీకటి పడుతుండగా అందరక్క ఉలిక్కిపడి లేచింది.

“అయ్యో! ఎంతసేపైంది? లేపచ్చు కదా! వంట...”

“అమ్మాయి చేస్తోంది. పద” అన్నాడు ఆయన.

మెట్ల దగ్గర ఎదురింటావిడ తలుపు తెరిచే ఉంది. ఆమె చూసింది, పలకరించలేదు. అందరక్క కూడా ఆగలేదు. డ్రైవరు అలవాటుగా ఊచ వైపు చెయ్యి చాపి, మళ్ళీ ఏమనుకున్నాడో, ఆ చెయ్యి భార్య భుజం మీద వేశాడు. మొదటి మెట్టు ఎక్కేసరికి ఆయన బరువంతా ఆమె మీద పడింది. నిద్రమత్తు ఇంకా వదల్లేదు, నడుం ఇంకా పట్టేసే ఉంది. బరువుగానే ఉంది.

“నెమ్మదిగా” అంది ఆమె, రెండో మెట్టు మీద కాలు పెడుతూ.